పిల్లలతో ఒక్క అర్జీ అయినా పెట్టించండి

(రాజ్యాంగ దినోత్సవం సందర్భంగా హైదరాబాద్‌లో జరిగిన సోషల్ టీచర్ల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ముందు వరసలు ఖాళీగా వదిలేసి వెనకాల సర్దుకుని కూర్చున్న టీచర్లందరికీ నమస్కారం. క్లాసులో మాత్రం పిల్లల్ని ముందుకొచ్చి కూర్చోమంటాం! సరే. శాలువా కప్పినందుకు సంతోషం. ఉక్కపోస్తోంది కాబట్టి తీసి పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. పరిచయంలో నా గురించి చెప్పినవాటిలో సోషల్ మాస్టారుగా రిటైరయ్యానన్నది ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు.

నాకిచ్చిన అంశం ‘విద్యార్థులకు పౌర బాధ్యతలు నేర్పడం’. మీకు తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగంలో ప్రాథమిక విధులు లేవు. స్వరణ్ సింగ్ కమిటీ సిఫార్సుల తర్వాత 1976లో 42వ సవరణతో 51ఏ అధికరణంలో పది విధులు చేర్చారు. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించాల్సిన బాధ్యత తల్లిదండ్రులదేనని 2002లో 86వ సవరణతో పదకొండోది కలిపారు. ఇంతవరకూ గైడుల్లోనూ ఉంటుంది. 1976 అంటే ఎమర్జెన్సీ అన్న సంగతి మాత్రం పిల్లలకు మనమే చెప్పాలి. హక్కులకు తాళం పడ్డ రోజుల్లో ఈ విధులు వచ్చాయి. అందుకేనేమో, ఇప్పటికీ విధులు అనగానే మన గొంతు ‘నోరు మూసుకుని చెప్పింది చెయ్’ అన్నట్టు మారిపోతుంది. కానీ ఆ జాబితా ఒకసారి నిదానంగా చదవండి. శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, ప్రశ్నించి తెలుసుకునే తత్వం, సంస్కరణ భావం పెంపొందించుకోవడం కూడా అందులో ఉంది. అంటే ప్రశ్నించడం కూడా పౌరుడి విధే. మన క్లాసుల్లో ఎక్కువగా నోరు నొక్కేది దాన్నేనేమో, మీరే చెప్పండి.

జాతీయగీతాన్ని గౌరవించడం ఆ జాబితాలో మొట్టమొదటి విధిలోనే ఉంది. 1985లో కేరళలో ఒక స్కూలు ముగ్గురు పిల్లల్ని పంపించేసింది. గీతం పాడేటప్పుడు వాళ్లు మర్యాదగా లేచి నిలబడేవారు, కానీ పాడేవారు కాదు. వాళ్లది యెహోవా సాక్షుల మతం, వాళ్ల విశ్వాసం అందుకు ఒప్పుకోదు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పాడకపోయినంత మాత్రాన అగౌరవపరిచినట్టు కాదు, లేచి నిలబడుతున్నారు కదా, వాళ్లను మళ్లీ బడిలో చేర్చుకోండి అని 1986లో తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాసింది మన తెలుగువాడు, జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి. ఈ కేసు చెప్పి, ‘మీరే జడ్జీలైతే ఏం చేసేవారు?’ అని తొమ్మిదో తరగతి వాళ్లను అడిగి చూడండి. పీరియడ్ చాలదు. అసలు ఆ పీరియడ్ అంటూ మనకు మిగిలితే!

ఇంకో సంగతి. ‘దోమల బెడద గురించి మునిసిపల్ కమిషనర్‌కు లేఖ రాయుము.’ తెలుగులో ఉంది, ఇంగ్లీషులో ఉంది, హిందీలోనూ ఉంది. రాయని పిల్లాడు లేడు. చిరునామా ఎడమ వైపా కుడి వైపా అని మార్కులు కోస్తాం. ఇన్నేళ్లలో అందులో ఒక్కటైనా పోస్టు డబ్బాలో పడిందా? ఏటా ఇన్ని వేల ఉత్తరాలు రాయించి, ఒక్కటి కూడా పంపని మనం ‘బాధ్యత’ గురించి మాట్లాడుతున్నాం.

నేను ఒకసారి పంపించాను. ఆ స్కూలు పేరు చెప్పను, రామ్‌నగర్ వైపు ఒక ప్రైవేటు స్కూలనుకోండి. గేటుకు నాలుగడుగుల దూరంలో మ్యాన్‌హోల్ మూత పగిలింది. ఎవరో పుణ్యాత్ముడు అందులో వేపకొమ్మ గుచ్చి, ఎర్రగుడ్డ కట్టాడు. వర్షం పడితే ఆ గుడ్డొక్కటే కనబడేది. ఎనిమిదో తరగతి వాళ్లతో అర్జీ రాయించాను. మొదటి ప్రతిలో ‘గౌరవనీయులైన తమరి పాదపద్మములకు’ అని ఉంది, కొట్టేయించాను. ఎక్కడ, ఎప్పటి నుంచి, ఎవరికి ప్రమాదం, మూడు ముక్కల్లో రాయమన్నాను. నలుగురు పిల్లలు నాతో పాటు వార్డు ఆఫీసుకు వచ్చారు. ‘డ్రైనేజీ మ్యాన్‌హోల్ వాటర్‌బోర్డుది బాబూ, వాననీటి నాలా అయితే మాది’ అని అక్కడి గుమస్తా ఓపిగ్గా చెప్పాడు. పాఠ్యపుస్తకంలో స్థానిక ప్రభుత్వం గురించి ఇన్ని పేజీలున్నాయి, ఈ ఒక్క వాక్యం లేదు! మళ్లీ రాశారు, వాటర్‌బోర్డు సెక్షన్ ఆఫీసుకు వెళ్లాం. కాగితం ఇచ్చేసి వెనక్కి తిరుగుతుంటే ఒక పాప ఆగి, ‘సార్, మనం ఇచ్చినట్టు రుజువేంటి?’ అంది. జిరాక్స్ తీయించి, దాని మీద తేదీతో ముద్ర వేయించుకున్నాం. నేను నేర్పలేదు, తనే అడిగింది. రెండు వారాలైనా కదలిక లేకపోతే ఆ జిరాక్స్ పట్టుకుని వాళ్లే మళ్లీ గుర్తుచేశారు. మూత వచ్చింది. పిల్లలు దాని మీద ఎక్కి గెంతుతుంటే నేనే తిట్టి దింపాను.

మర్నాడు కరస్పాండెంట్ గారు పిలిచారు. ‘మాస్టారూ, పిల్లల్ని ఇలాంటి వాటిలోకి ఎందుకు లాగుతారు? పేరెంట్స్ ఫోన్లు చేస్తున్నారు. రేపు పర్మిషన్ల కోసం మనమే ఆ ఆఫీసర్ల దగ్గరికి వెళ్లాలి కదా’ అన్నారు. మూత పడిందండీ అన్నాను. ‘అది సరే, సిలబస్ సంగతి చూడండి’ అన్నారు. ఆ తర్వాత నా పీరియడ్లలో రెండు మ్యాథ్స్‌కు వెళ్లిపోయాయి. అదే నెలలో అదే స్కూల్లో పిల్లల చేతికి కొత్త చీపుర్లిచ్చి, ఊడ్చిన గ్రౌండ్‌లోనే మళ్లీ ఊడిపించి ఫొటో తీశారు. ఆ ఫొటో పేపర్లో వచ్చింది. నాకు కోపం తగ్గలేదండీ. రిటైరైనా తగ్గలేదు.

టైమైపోయిందని చీటీ పంపారు, చూశాను. పైడిమర్రి వెంకట సుబ్బారావు గారి గురించి వివరంగా చెబుదామని వచ్చాను, ఇప్పుడు కుదరదు. రోజూ స్కూలు అసెంబ్లీలో చెప్పించే ప్రతిజ్ఞను 1962లో తెలుగులో రాసింది ఆయనే. నల్గొండ జిల్లా అన్నెపర్తి వారు, అప్పట్లో విశాఖలో ట్రెజరీ ఆఫీసరు. ప్రతివారితోనూ మర్యాదగా నడుచుకొంటాను అని అందులో ఉంది. చేయి చాచి ఆ మాట చెప్పించిన ఐదు నిమిషాలకే ఆయమ్మను ‘ఏయ్’ అని పిలిచేవాళ్లం మన స్టాఫ్‌రూముల్లోనే ఉన్నాం.

ఓటు సంగతి ఒక్కటి చెప్పి దిగిపోతాను. ఓటు వేయడం 51ఏ జాబితాలో లేదు. పన్ను కట్టడాన్ని చేర్చమని స్వరణ్ సింగ్ కమిటీ చెప్పింది, అదీ చేరలేదు. 2020 డిసెంబరులో జీహెచ్ఎంసీ ఎన్నికలు జరిగితే నగరంలో సగం మంది కూడా ఓటు వేయలేదు. వేయనివాళ్లంతా మన క్లాసుల్లో ‘ఓటు హక్కు వజ్రాయుధం’ అని వ్యాసం రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లే. ఇక్కడ జూనియర్ కాలేజీల వాళ్లు కూడా ఉన్నారు కదా? 17 నిండిన పిల్లలు ఓటరుగా పేరు నమోదు చేసుకునే ఫారం-6 ముందుగానే నింపి ఇవ్వొచ్చు. ఇదివరకటిలా జనవరి 1 ఒక్కటే కాదు, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1 కూడా 18 నిండాయా అని చూసే అర్హత తేదీలే. ఇంటికి పంపి నింపుకు రమ్మనకండి, తేరు. క్లాసులోనే కూర్చోబెట్టి నింపించండి.

గుమ్మం దగ్గర బల్ల మీద తెల్లకాగితాలు పెట్టించాను. మీ స్కూలు పేరు, మీ పిల్లలతో ఏ సమస్య మీద అర్జీ పెట్టించబోతున్నారో రాసి, మీ ఫోన్ నంబరు వేసి ఇవ్వండి. వీధి దీపమైనా, బస్టాపులో నీడైనా, మీ స్కూలు ముందు చెత్తకుప్పయినా సరే. జనవరి 26 లోపల ఫోన్ చేసి, ముద్ర వేసిన జిరాక్స్ ఉందా అని అడుగుతాను. మేనేజ్‌మెంట్ అడ్డుపడితే నా పేరు చెప్పండి, నా పీరియడ్లు ఇంకెవరూ లాక్కోలేరు. టీ వచ్చినట్టుంది, పదండి.