పెట్టెలో ఎవరున్నారు?

శ్రోతలకు నమస్కారం.

పెరట్లో గుడ్లగూబకు పెట్టె కడదామంటే మన నల్లగొండ వైపు ఇళ్లల్లో ముందుగా వినిపించే మాట "వద్దు". గూబ ఇంటి మీద వాలితే కీడని నమ్మే పెద్దలు ఇంకా ఉన్నారు. అదే గూబను బెంగాల్‌లో లక్ష్మీదేవి వాహనమని పూజిస్తారు. శకునం మీద నేను వాదన పెట్టుకోను. ఈ కాసేపు ఎలుకల గురించి, పెట్టె గురించి మాట్లాడతాను. ఆ పెట్టెలోకి ఎవరొచ్చారో కనుక్కోవడం గురించి ఇంకొంచెం ఎక్కువ మాట్లాడతాను, నాకు ఇష్టమైన పని అది.

గుడ్లగూబ పుల్ల తేదు, గడ్డి తేదు. దొరికిన తొర్రలోనే గుడ్లు పెడుతుంది. ఇదివరకు తొర్రలకు కరువు లేదు. ముదురు వేపలు, చింతలు, తల ఎండిపోయిన తాటిచెట్లు, పాత మట్టి గోడలు, మోట బావుల దరుల్లో సందులు, అన్నీ వాటి ఇళ్లే. ఇప్పుడు గోడలకు సిమెంటు వచ్చింది, బావుల బదులు బోర్లు వచ్చాయి. ఎలుకలు మాత్రం తగ్గలేదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవాళ్లను అడగండి, చెబుతారు.

మన పెట్టెలోకి వచ్చేవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి చిన్నది, పైడికంటి. జానెడు పిట్ట, బూడిద గోధుమ రంగు ఒంటి మీద తెల్ల చుక్కలు, పసుపు కళ్లు. రెండోది తెల్ల గూబ. అడుగు దాటి ఉంటుంది, కళ్లు నల్లగా ఉంటాయి, ముఖం తెల్లటి రావి ఆకులా ఉంటుంది. మన రాతిగుట్టల్లో "బూ... బో" అని లోతుగా కూసే పెద్ద కొమ్ముల గూబ ఒకటుంది, అది బండల అంచుల్లోనే పిల్లలు చేస్తుంది. పెట్టెకు రాదు, దాన్ని వదిలేద్దాం.

రాసుకునేవాళ్లు రాసుకోండి. పైడికంటికి 10 అంగుళాల వెడల్పు, 15 అంగుళాల ఎత్తు ఉన్న చెక్క పెట్టె, పైభాగాన 3న్నర అంగుళాల రంధ్రం చాలు. తెల్ల గూబకైతే 2 అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు, 6 అంగుళాల రంధ్రం కావాలి. ఏదైనా 10 నుంచి 15 అడుగుల ఎత్తున కట్టండి. లోపల రంగు, పాలిష్ వద్దు. అడుగున నీళ్లు కారిపోయే సన్న బెజ్జాలు పెట్టి, రెండంగుళాల మందాన ముతక రంపపు పొట్టు పోయండి. రేకు పెట్టె మాత్రం వద్దే వద్దు. నల్లగొండ ఎండ 45 డిగ్రీలు దాటే చోట రేకులో గుడ్లు ఉడికిపోతాయి. నీడ ఉండాలి, రంధ్రం తూర్పుకో ఉత్తరానికో ఉండాలి. బతుకమ్మ పండగ నాటికి కట్టేస్తే పైడికంటి జంట చలికాలంలో చూసుకుని చేరే అవకాశం ఉంది.

కట్టాక మూత తీసి చూడకండి. గుడ్ల మీద ఉన్న పక్షి బెదిరితే గూడే వదిలేయవచ్చు. మరి లోపల ఎవరున్నారో ఎట్లా తెలిసేది? పెట్టె కిందికి వెళ్లి చూడండి. రంధ్రంలోంచి గడ్డి, ఈకలు, ప్లాస్టిక్ దారాలు వేలాడుతుంటే గోరింక చేరింది. పీచు కుక్కి ఉంటే ఉడుత. రంధ్రం అంచు కొరికి ఉంటే రామచిలుక కావచ్చు. గడ్డి పరక కూడా లేకుండా నేల మీద తెల్లటి రెట్ట చారలుంటే, అప్పుడు ఆశ పెట్టుకోండి.

ఇక్కడ మా బామ్మర్ది ఇంటి సంగతి చెప్పాలి. హాలియా దగ్గర పల్లె. పశువుల కొట్టం వెనక గోడకు, చూరు కింద పెద్ద పెట్టె బిగించాడు. ఒక వానాకాలం గడిచింది, చలికాలం గడిచింది, ఏదీ రాలేదు. పెట్టె సంగతి అందరూ మరిచిపోయారు. ఒక రాత్రి ఫోన్ చేశాడు. "బావా, పెట్టెలకు పాము ఎక్కింది. బుస ఆగుతలేదు. పాములు పట్టేటాయనను పిలుస్తున్నం" అన్నాడు. వెనక నుంచి మా అత్తమ్మ గొంతు, "ముందుగాల ఆ పెట్టె తీసెయ్యమను బిడ్డా" అని.

తెల్లారేదాకా ఎవరినీ ఎక్కనీయొద్దని చెప్పి పొద్దున్నే వెళ్లాను. గోడ మీద సున్నం పోసినట్టు రెట్ట. కింద బొటనవేలంత నల్లటి ఉండలు, కొన్ని ఇంకా తడి ఆరక నిగనిగలాడుతున్నాయి. పాము అట్లాంటివి వేయదు. గూబ ఎలుకను తల నుంచి తోక దాకా మింగుతుంది, అరగని బొచ్చునూ ఎముకలనూ ఉండ చేసి నోట్లోంచి కక్కేస్తుంది. చేతికి కవరు తొడుక్కుని ఒక ఉండను గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాం. పిల్లలు చుట్టూ చేరారు. పిన్నీసుతో బొచ్చు విడదీస్తుంటే వెన్నుపూసలు వచ్చాయి, తొడ ఎముక వచ్చింది, చివరికి పుర్రె. ముందు రెండు పొడవాటి ఉలి పళ్లు, వాటి వెనక ఖాళీ, ఆ తర్వాత దవడ పళ్లు. ఎలుక. రెండో ఉండలో పుర్రె వేరేగా ఉంది, ఖాళీ లేకుండా వరసగా వాడి పళ్లు. అది చుంచు, చూడ్డానికి ఎలుకలా ఉన్నా ఎలుక జాతి కాదు. అత్తమ్మ దూరం నుంచే ఎలుక పుర్రెను చూస్తూ, "ఇదేనా మన వడ్ల గుమ్మి కాడ తిరిగింది?" అన్నది. కావచ్చు అన్నాను.

చీకటి పడ్డాక అందరం కొట్టానికి దూరంగా కూర్చున్నాం. బుస మొదలైంది, ఒకటి కాదు, నాలుగైదు గొంతులు. తెల్ల గూబ పిల్లలు ఆకలికి అట్లాగే బుస కొడతాయి. పెద్ద పక్షి రెక్క చప్పుడు లేకుండా వచ్చింది, కాళ్లలో ఎలుక. రంధ్రంలో ఒక తెల్ల ముఖం, దాని వెనక ఇంకా చిన్న ముఖం. మొదటి గుడ్డు పెట్టగానే తల్లి పొదుగుతుంది, మిగతావి రెండు మూడు రోజులకొకటి పెడుతుంది. అందుకే ఒకే గూట్లో పిల్లలు పెద్దా చిన్నా ఉంటాయి. పాములు పట్టేటాయన అవసరం పడలేదు.

కాబట్టి శ్రోతలారా, పెట్టెలోంచి రాత్రిపూట బుస వినబడితే టెన్షన్ పడకండి. ముందు నేల మీద ఉండలు వెతకండి. పైడికంటిదైతే గుర్తుపట్టడం ఇంకా సులువు. పొద్దు గూకే వేళ రెండు పిట్టలు తీగ మీద కూర్చుని కీచుకీచుమని జగడమాడుతుంటాయి, మనల్ని చూసి తల కిందికీ మీదికీ ఊపుతాయి. పగలు కూడా కనబడతాయి. దాని ఉండలు చిన్నవి, చిదిమితే పేడపురుగుల రెక్కల పెంకులు మెరుస్తాయి.

ఇజ్రాయెల్‌లో ఒక సమష్టి వ్యవసాయ గ్రామం 1983లో పొలాల్లో తెల్ల గూబలకు పెట్టెలు కట్టడం మొదలుపెట్టింది. ఎలుకల మందు తగ్గించాలన్నదే వాళ్ల ఉద్దేశం. అసలు చెప్పాల్సింది ఈ మందు గురించే. బ్రోమాడియోలోన్ బిళ్లలు తిన్న ఎలుక అప్పటికప్పుడు చావదు. కొన్ని రోజులు మత్తుగా, మందకొడిగా తిరుగుతుంది. అట్లాంటి ఎలుకే గూబకు తేలిగ్గా దొరుకుతుంది. ఆ విషం గూబ ఒంట్లో చేరుతుంది, పిల్లల నోట్లోకీ పోతుంది. పెట్టె కట్టి మందు కూడా పెడితే గూబను మనమే పిలిచి చంపినట్టు.

మందు పెట్టక తప్పదనుకుంటే పెట్టె కట్టకండి. పెట్టె కట్టాలనుకుంటే బోనులు, బుట్టలు పెట్టుకోండి, కలుగులు తవ్వించండి, గట్లు సన్నగా ఉంచండి. గూబ మీ గెట్టు దగ్గరే ఆగదు, కాబట్టి కట్టకముందే పక్క పొలం వాళ్లతో కూడా ఈ మాట తేల్చుకోండి. సెలవు.