కొరియన్ నోయిర్ లుక్: లిఫ్ట్ ఫైట్‌కి కలర్ గ్రేడింగ్

అందరికీ నమస్కారం. ఈరోజు కొరియన్ గ్యాంగ్‌స్టర్ సినిమాల చీకటి లుక్‌ని, అంటే నోయిర్ లుక్‌ని, డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేద్దాం. ఇదిగో మన క్లిప్. లిఫ్ట్‌లో ఇద్దరు, ఒకడి చేతిలో రబ్బరు కత్తి.

లిఫ్టే ఎందుకో 2013లో వచ్చిన 'న్యూ వరల్డ్' చూసినవాళ్లకి తెలుసు. పార్కింగ్‌లో మొదలైన గొడవ లిఫ్ట్‌లోకి వచ్చేసరికి చెయ్యి ఊపడానికి కూడా చోటుండదు. కొరియాలో తుపాకీ చట్టాలు చాలా గట్టివి. అందుకే ఈ సినిమాల్లో రౌడీల చేతుల్లో ఎక్కువగా కత్తులు, బేస్‌బాల్ బ్యాట్లు కనిపిస్తాయి. కత్తితో పొడవాలంటే మనిషిని ఆనుకుని నిలబడాలి కదా, పొడిచేవాడి ముఖం, పోటు పడినవాడి ముఖం ఒకే ఫ్రేమ్‌లోకి వచ్చేస్తాయి. ఆ భయమంతా ఆ రెండు ముఖాల్లోనే ఉంది. మన గ్రేడింగ్‌లో, అంటే రంగులు సర్దడంలో, ఆ ముఖాలు చచ్చిపోకూడదు.

సరే, మొదటి నోడ్ (ఒక్కో మార్పుకి ఒక్కో డబ్బా అనుకోండి), ఎక్స్‌పోజర్, అంటే వెలుతురు తగ్గించాం. ఆల్ట్ ఎస్, కొత్త నోడ్, కాంట్రాస్ట్. మళ్లీ ఆల్ట్ ఎస్, గామా, అంటే మరీ వెలుగూ మరీ చీకటీ కాని మధ్య భాగాలు, కాస్త ఆకుపచ్చ వైపు... ఇలా. ట్యూబ్‌లైట్ వెలుతురు వచ్చేసింది.

ఇప్పుడు రక్తం. ఇక్కడ నిదానంగా చూడండి, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. రక్తం ఇంత ఎర్రగా ఉంటే రంగునీళ్లలా ఉంది. ముదురు చేయాలి. కానీ ఎరుపు తగ్గించగానే, చూడండి, పెదవులు నల్లబడ్డాయి, బుగ్గలు బూడిదరంగులోకి వెళ్లాయి. చర్మం రంగు, రక్తం రంగు పక్కపక్కనే ఉంటాయి మరి. అందుకని ముందు ఆల్ట్ ఎస్‌తో ఇంకో నోడ్ తీసుకుని, రంగును బట్టి ఎంపిక చేసే క్వాలిఫయర్‌తో చొక్కా మీది మరకను పట్టుకోండి. హ్యూ వెడల్పు, అంటే ఎంపికయ్యే రంగుల పరిధి, బాగా తగ్గించండి. ఇంకా... ఇంకొంచెం. షిఫ్ట్ హెచ్ నొక్కితే ఏది ఎంపికైందో కనిపిస్తుంది. పెదవులు ఇంకా వస్తున్నాయా? వస్తున్నాయి. అప్పుడు మరక చుట్టూ పవర్ విండో, అంటే మార్పును ఆ గీత లోపలికే పరిమితం చేసే ఆకారం గీసి, అది మరకతో పాటే కదిలేలా ట్రాక్ చేయండి. ఇప్పుడు గామా దించండి. అదీ! రక్తం చిక్కబడింది, ముఖం అలాగే ఉంది. రంగుల్ని గ్రాఫ్‌లా చూపించే వెక్టర్‌స్కోప్‌లో స్కిన్ టోన్ గీత కూడా ఒకసారి చూసుకోండి.

రెడీమేడ్ లట్‌లు, అంటే ముందే తయారుచేసిన రంగుల సెట్టింగ్‌లు, నేను వాడను. అవన్నీ ఒకటే నీలం పూసేస్తాయి. కిమ్ జీ-వున్ 2005లో తీసిన 'ఎ బిటర్‌స్వీట్ లైఫ్' చూడండి, ఎరుపు, నలుపు ఎంత నిండుగా ఉంటాయో! నోయిర్ అంటే రంగు పిండేయడం కాదు. మీ సెట్‌లో ఎర్ర గోడ ఉంటే దాన్ని ఉండనివ్వండి.

ఎడిటింగ్‌లో ఇంకొక్క మాట. 2003 నాటి 'ఓల్డ్‌బాయ్' కారిడార్ ఫైట్ ఒకే షాట్, కెమెరా పక్కనుంచే నడుస్తుంది. హీరో ఆయాసపడటం, ఆగడం, మళ్లీ లేవడం మనకి కనిపిస్తూనే ఉంటాయి. మీరు కూడా దెబ్బ తగిలిన ప్రతిసారీ కట్ చేయకండి. ఇక్కడ చూడండి, పోటు తర్వాత రెండు సెకన్లు అలాగే వదిలేశాను. షిఫ్ట్ డి, గ్రేడ్ లేకుండా... మళ్లీ షిఫ్ట్ డి, గ్రేడ్‌తో. తేడా చూశారుగా? ఇక డెలివర్ పేజీకి వెళ్లి రెండర్ కొట్టేయండి.