ముగింపు ముందే తెలిసిన కథలు

శ్రోతలకు నమస్కారం.

చారిత్రక నవల అనగానే చాలామందికి బడి గుర్తొస్తుంది. రాజుల వరసలు, యుద్ధాల సంవత్సరాలు, పరీక్ష ముందు రోజు రాత్రి పడ్డ టెన్షన్. ఆ జ్ఞాపకంతోనే, మిగతా నవలలన్నీ ఇష్టంగా చదివేవాళ్లు కూడా వీటి జోలికి పోరు. ఆ దూరాన్ని కాస్త తగ్గించాలన్నదే ఇవాళ నా ప్రయత్నం. చరిత్ర పుస్తకం తెరిచేసరికే యుద్ధం అయిపోయి ఉంటుంది. గెలిచిందెవరో, ఓడిందెవరో తేలిపోయి ఉంటుంది. నవలలో మాత్రం ఆ రోజు ఇంకా తెల్లవారలేదు. మనకు ముగింపు తెలుసు, కథలో ఉన్నవాళ్లకు తెలియదు. రేపేం జరుగుతుందో తెలియని మనుషుల పక్కన, అంతా తెలిసిన మనం కూర్చుని ఉంటాం. నా మటుకు ఈ నవలల రుచంతా అక్కడే ఉంది.

టాల్‌స్టాయ్ రాసిన 'యుద్ధము-శాంతి' చూడండి. 1812లో నెపోలియన్ రష్యా మీదికి దండెత్తి వచ్చినప్పుడు, మాస్కోకి వెళ్లే దారిలో బొరోదినో దగ్గర ఘోరమైన యుద్ధం జరిగింది. నవలలో సేనాపతులూ కనిపిస్తారు, నెపోలియనూ కనిపిస్తాడు. కానీ మనల్ని చెయ్యి పట్టుకుని ఫిరంగుల మధ్యకు తీసుకెళ్లేది పియేర్ అనే పెద్దమనిషి. లావుపాటి మనిషి, కళ్లజోడు, ఆకుపచ్చ కోటు, నెత్తిమీద తెల్లటోపీ. సైనికుడు కాడు. యుద్ధం ఎలా ఉంటుందో చూద్దామని వచ్చాడు. మొదట ఫిరంగుల దగ్గరున్న సైనికులు ఈయనెవర్రా అడ్డంగా అని విసుక్కుంటారు. కాసేపటికి గుండ్లు పడుతున్నా అక్కణ్ణుంచి కదలని ఆ మనిషిని చూసి ముచ్చటపడి, మా దొర అని పిలుచుకుంటారు. ఇంకాసేపటికి ఆ నవ్విన మొహాలు ఒక్కొక్కటే నేలకూలతాయి. పొగలో పరిగెడుతూ పియేర్ ఒక ఫ్రెంచి అధికారిని గుద్దుకుంటాడు. ఇద్దరూ ఒకరినొకరు గట్టిగా పట్టుకుంటారు. నేను ఇతనికి దొరికిపోయానా, ఇతనే నాకు దొరికాడా? ఆ సంగతి ఇద్దరికీ తెలియదు. యుద్ధం మొత్తం ఆ ఒక్క క్షణంలో ఉంది. దాన్ని ఏ పటమూ చూపించలేదు.

టాల్‌స్టాయ్ పుట్టింది 1828లో, అంటే ఆ యుద్ధం జరిగిన పదహారేళ్లకు. కానీ ఆయన సెవస్తోపోల్ ముట్టడిలో ఫిరంగి దళంలో పనిచేసినవాడు. నవల రాస్తున్న కాలంలో, 1867లో, బొరోదినోకి స్వయంగా వెళ్లి ఆ నేలంతా తిరిగి చూసి వచ్చాడు. తాను చూసిన ఒక యుద్ధాన్ని చూడని యుద్ధంలోకి తీసుకెళ్లాడన్నమాట.

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి? చాలామంది కాలాన్ని బట్టి ఎంచుకోమంటారు. మధ్యయుగమో, రోమన్ సామ్రాజ్యమో ఎంచుకుని చదవమంటారు. నేను అలా చెప్పను. మీకు మామూలుగా ఏ రకం కథలు ఇష్టమో ఆ దారినే రండి. కాలం దానంతటదే పరిచయమవుతుంది.

డిటెక్టివ్ కథలు ఇష్టమైనవాళ్లకు ఉంబెర్తో ఎకో 1980లో రాసిన 'ది నేమ్ ఆఫ్ ది రోజ్' ఉంది. కథాకాలం 1327. ఇటలీలో, కొండమీద ఒక క్రైస్తవ మఠం. అక్కడ సన్యాసులు ఒకరి తర్వాత ఒకరు చనిపోతుంటారు. విచారణకు దిగిన విలియం కూడా సన్యాసే. అతని దగ్గర ఒక వింత వస్తువు ఉంటుంది, కళ్లజోడు. కళ్లజోళ్లు ఇటలీలో పుట్టింది పదమూడో శతాబ్దం చివర్లో. అంటే కథ నాటికి అది చాలామంది చూసి ఎరగని వస్తువు. ఆ మఠంలో అద్దాల పని చేసే సన్యాసి దాన్ని చేతిలోకి తీసుకుని తబ్బిబ్బైపోతాడు. తర్వాత అది దొంగతనానికి గురవుతుంది. ఇప్పుడు విలియం ముందు ఆధారం ఉన్న కాగితం ఉంది, చదవడానికి చూపు ఆనదు. కొత్త జోడు కొందామంటే అమ్మేవాళ్లు లేరు, ఒక్కో గాజుముక్కా అరగదీసి, కంటికి పెట్టి చూసుకుని తయారుచేయించుకోవాలి. మధ్యయుగం గురించి పేజీలకు పేజీలు చెప్పినా ఇంత దగ్గరగా తెలియదు. మంచి చారిత్రక నవలను నేను గుర్తుపట్టేది ఇలాంటి చోటే. కాలాన్ని వర్ణించి ఊరుకోదు, ఆ కాలంలో ఉన్నందుకు పాత్ర ఏం ఇబ్బంది పడిందో చూపిస్తుంది. ఒక్క మాట, ఈ నవల మొదటి వంద పేజీలు నడక నెమ్మది. ఓపిక పట్టండి.

అంత బరువు వద్దనుకుంటే జోసఫీన్ టే రాసిన 'ది డాటర్ ఆఫ్ టైమ్' ఉంది, 1951 నాటిది. ఇందులో డిటెక్టివ్ మంచం దిగడు. కాలు విరిగి ఆసుపత్రిలో ఉంటాడు. పొద్దుపోక చూస్తున్న బొమ్మల్లో ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ చిత్రం కంటపడుతుంది. అన్న కొడుకుల్ని, ఇద్దరు చిన్నపిల్లల్ని చంపించాడని అపకీర్తి మోసిన రాజు ఆయన. ఈ మొహం హంతకుడి మొహంలా లేదే అన్న అనుమానంతో, పుస్తకాలు తెప్పించుకుని నాలుగున్నర శతాబ్దాల నాటి కేసును తిరగదోడతాడు. ఆయన తేల్చిన తీర్పును చరిత్రకారులందరూ ఒప్పుకోరు. కానీ సాక్ష్యం చెప్పిందెవరు, ఎప్పుడు చెప్పారు, ఎవరి కొలువులో ఉండి చెప్పారు అని అడగడం ఎలాగో ఈ చిన్న పుస్తకం చక్కగా నేర్పుతుంది. 1485లో యుద్ధంలో చనిపోయిన ఆ రాజు ఎముకలు 2012లో లెస్టర్ నగరంలో ఒక కార్ల పార్కింగ్ కింద దొరికాయి. అది తెలిసి చదివితే ఆ పటంలోని మొహం మరింత దగ్గరగా అనిపిస్తుంది.

కత్తియుద్ధాలు, స్నేహాలు, గుర్రాల మీద పరుగులు కావాలంటే అలెగ్జాండర్ డ్యూమా ఉండనే ఉన్నాడు. 'త్రీ మస్కటీర్స్' 1844లో పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ప్రతి అధ్యాయం చివరా ఆ తర్వాతేమైంది అనిపించే గుణం అక్కణ్ణుంచి వచ్చిందే.

దెయ్యాల కథలు, కాలంలో వెనక్కి వెళ్లే కథలు ఇష్టమా? ఆక్టేవియా బట్లర్ 'కిండ్రెడ్'లో 1976 నాటి నల్లజాతి యువతి ఉన్నట్టుండి పంతొమ్మిదో శతాబ్దపు అమెరికా బానిస వ్యవస్థలోకి వెళ్లిపడుతుంది. అక్కడ ఒక తెల్ల పిల్లవాణ్ణి ప్రాణాపాయం నుంచి పదే పదే కాపాడాలి. బానిసల యజమాని కొడుకు వాడు. తన పూర్వీకుడు కూడా వాడే. వాడు బతక్కపోతే తను పుట్టదు. దెయ్యం కథ కావాలంటే టోనీ మారిసన్ 'బిలవెడ్' ఉంది. దాని వెనక ఒక నిజమైన తల్లి ఉంది. మార్గరెట్ గార్నర్ అనే ఆమె 1856లో బానిసత్వం నుంచి పిల్లలతో పారిపోయి, పట్టుబడుతున్న ఘడియలో, మళ్లీ ఆ బతుకు వద్దని కూతుర్ని తన చేత్తోనే చంపుకుంది. కోర్టు కాగితాల్లో, పత్రికల్లో ఆ సంగతి ఉంది. ఆ తర్వాత బతికిన మనసు ఎలా ఉంటుందన్నది మాత్రం నవలలోనే ఉంది. చదవడం తేలిక కాదు. అయినా చదవాలి.

ఇక్కడ ప్రతిసారీ ఒక ప్రశ్న వస్తుంది. ఇందులో ఎంత నిజం? న్యాయమైన ప్రశ్నే. దానికి నాకు నచ్చిన జవాబు కల్కి రాసిన 'పొన్నియిన్ సెల్వన్'లో కనిపిస్తుంది. 1950 నుంచి 1954 దాకా తమిళ పత్రికలో వారం వారం వచ్చిన నవల. చోళ యువరాజు ఆదిత్య కరికాలుడు హత్యకు గురయ్యాడు. ఆ హత్యకు సంబంధం ఉన్నవాళ్ల ఆస్తులు స్వాధీనం చేసుకున్నట్టు ఒక శాసనం చెబుతుంది. ఎందుకు చంపారు, ఆ రాత్రి అసలేం జరిగింది అన్నవి రాయి చెప్పలేదు. కల్కి కథ అల్లింది ఆ మౌనంలోనే. శాసనం చెప్పినదాన్ని కాదనకుండా, చెప్పని చోట ఊహించడం నాకు న్యాయంగా కనిపిస్తుంది. ఆధారాన్ని తోసిపుచ్చి రాసేవాళ్లంటే నాకు గురి కుదరదు. పుస్తకం చివర రచయిత మాట ఉంటే, కథ అయ్యాక తప్పకుండా చదవండి. ముందే చదివితే మలుపులు తెలిసిపోతాయి.

ఆధారాల్ని తవ్వే చేతులే కథలూ రాసిన సందర్భం ఉంది. 1922లో మొహెంజొదారోలో తవ్వకాలు జరిపిన రాఖాల్‌దాస్ బెనర్జీ బెంగాలీలో చారిత్రక నవలలు రాశాడు. తెలుగులో అడివి బాపిరాజు చిత్రకారుడు కూడా. 'హిమబిందు'లో శాతవాహనుల కాలం, 'అడివి శాంతిశ్రీ'లో ఇక్ష్వాకుల కాలం, 'గోన గన్నారెడ్డి'లో కాకతీయుల కాలం రాశాడు. ఒకే రచయిత వెంట మూడు యుగాలు చూసి రావచ్చు. తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' అయితే ఎక్కడో మంగోలియా గడ్డిమైదానాల్లో పుట్టిన మనిషిని తెలుగు పాఠకుడి గుండెల్లో కూర్చోబెట్టింది. చారిత్రక నవల మన గతం గురించే ఉండాలన్న నియమం లేదని ఆ పుస్తకం ఎప్పుడో రుజువు చేసింది.

గతం అంటే ఎంత వెనక్కి? వాల్టర్ స్కాట్ 1814లో తన 'వేవర్లీ' నవలకు అరవయ్యేళ్ల కిందటి కథ అని ఉపశీర్షిక పెట్టాడు. ఆయన పేరుతో ఇచ్చే చారిత్రక నవలా బహుమతికి ఇప్పటికీ అదే కొలత, కథలో ఎక్కువ భాగం కనీసం అరవయ్యేళ్ల కిందట జరిగి ఉండాలి. అంటే మన అమ్మమ్మల, తాతయ్యల యవ్వనం కూడా ఇప్పుడు చరిత్రే.

ఇంకో ఆనందం ఉంది, కాస్త చదవడం అలవాటయ్యాక దొరుకుతుంది. ఒకే మనిషి గురించి వేరువేరు కాలాల్లో రాసినవి పక్కపక్కన పెట్టుకుని చదవడం. ఇంగ్లండులో ఎనిమిదో హెన్రీ కొలువులో ఇద్దరు థామస్‌లు ఉండేవారు, థామస్ మోర్, థామస్ క్రామ్‌వెల్. రాబర్ట్ బోల్ట్ 1960 నాటి నాటకం 'ఎ మ్యాన్ ఫర్ ఆల్ సీజన్స్'లో మోర్ ధీరుడు, క్రామ్‌వెల్ కుట్రదారు. హిలరీ మాంటెల్ 2009 నాటి 'వుల్ఫ్ హాల్'లో మనం క్రామ్‌వెల్ కళ్లతో చూస్తాం. అక్కడ అతను భార్యాబిడ్డల్ని జబ్బుకు పోగొట్టుకున్న మనిషి. మోరేమో మొండివాడు, కరకువాడు. మాంటెల్ మొత్తం కథ వర్తమానంలో చెబుతుంది. వచ్చాడు, చెప్పాడు అనదు, వస్తాడు, చెబుతాడు అంటుంది. 1540లో క్రామ్‌వెల్ తల తెగుతుందని మనకు తెలుసు. ఆ వాక్యాల్లో ఉన్న అతనికి తెలియదు.

ఈ రెండింటిలో ముందు నాటకమే చదవండి. చిన్నది, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. మోర్ మీద అభిమానం కలగనివ్వండి. ఆ అభిమానంతోనే నవల తెరిస్తే, తర్వాత మోర్ గుమ్మంలోకి వచ్చిన ప్రతిసారీ ఎవరి పక్షం ఉండాలో మీరే తేల్చుకోవలసి వస్తుంది.

నమస్కారం.