పది మంది లేని కొట్లో ఫిర్యాదు ఎవరికి?

అక్కలకూ చెల్లెళ్ళకూ నమస్కారం. పొద్దుటి నుంచి కౌంటర్ల దగ్గర నిలబడి, కొట్టు కట్టేశాక ఇటు వచ్చారు. అందుకని ఉపన్యాసం దంచను.

పనిచేసే చోట లైంగిక వేధింపుల గురించి మీటింగులు ఎక్కువగా పెద్ద ఆఫీసుల్లో, ఏసీ హాళ్ళలో జరుగుతాయి. అక్కడ కమిటీ ఉంటుంది, గోడకు పోస్టరు ఉంటుంది. బట్టల కొట్లో నలుగురు, మెడికల్ షాపులో ఇద్దరు, క్లినిక్‌లో ఒక్క నర్సు ఉంటే? వేధించేది ఓనరే అయితే?

అసలు పనిచేసే చోట లైంగిక వేధింపులను ఆపడానికి వచ్చిన చట్టానికి మూలం ఆఫీసు మనిషి కాదు. రాజస్థాన్‌లో ఊళ్ళలో తిరిగి పనిచేసే భన్వరీ దేవి. బాల్యవివాహం ఆపబోయినందుకు 1992లో ఆమెపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆ తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్ళిన విశాఖ కేసులో 1997లో మార్గదర్శకాలు వచ్చాయి. (మన వైజాగ్ కాదు, కేసు వేసిన సంస్థ పేరది.) చట్టం కావడానికి 2013 దాకా పట్టింది.

పది మంది, అంతకు మించి ఉన్నచోట యజమానే కమిటీ వేయాలి. పది మంది లేకపోయినా, ఫిర్యాదు ఓనరు మీదే అయినా జిల్లా స్థానిక కమిటీకి వెళ్ళాలి. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకూ అదే. మండలంలో, మున్సిపాలిటీలో నోడల్ అధికారి ఉండాలి. ఆ అధికారి మీ కాగితం తీసుకుని ఏడు రోజుల్లో కమిటీకి పంపాలి.

ఇక కాగితం సంగతి. చాలామంది "అసభ్యంగా ప్రవర్తించాడు" అని రాసి ఊరుకుంటారు. సిగ్గు అడ్డొస్తుంది, అర్థం చేసుకోగలను. కానీ దాన్నిబట్టి కమిటీకి ఏం తెలుస్తుంది? "సోమవారం మధ్యాహ్నం గోడౌన్‌లో స్టూలెక్కి పైఅరలో చీరలు తీస్తుంటే వెనక నుంచి వచ్చి నడుం పట్టుకున్నాడు, కింద రమ బిల్లు కొడుతోంది" అని రాయండి. వాట్సాప్ మెసేజ్ ఉంటే చెరిపేయకండి. ఘటన జరిగిన మూడు నెలల్లోపు ఇవ్వాలి. సరైన కారణం ఉంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. ఆరు కాపీలు అడుగుతారు. రాయడం రాకపోతే రాయడానికి సాయం చేయాల్సింది కమిటీయే. విచారణలో ఇరువైపులా లాయర్లను రానివ్వరు, ఆ ఖర్చు భయం వద్దు.

ఫిర్యాదు బయటపడగానే బజారు పెద్దలు బయల్దేరతారు. "ఏదో ఇచ్చి పంపిస్తాం, ఆడపిల్లవి, అల్లరి ఎందుకమ్మా" అంటారు. రాజీ మీరు కోరితేనే. కోరినా, డబ్బు మీద రాజీ కుదర్చడం చట్టం ఒప్పుకోదు. "రుజువు చేయలేకపోతే నీ మీదే కేసు" అని ఇంకొకరు బెదిరిస్తారు. రుజువు కానంత మాత్రాన అది తప్పుడు ఫిర్యాదు అయిపోదు.

ఒక్కటి మాత్రం దాచను. విచారణ సాగినన్నాళ్ళూ బదిలీ గానీ, మూడు నెలల దాకా సెలవు గానీ అడగవచ్చని చట్టంలో ఉంది. నలుగురున్న కొట్లో బదిలీ ఎక్కడికి? ఇది ఆఫీసులను చూసి రాసిన మాట. అందుకే ఫిర్యాదు ఇచ్చేటప్పుడే సెలవు కావాలని అందులో రాయండి. పోలీసు కేసు పెట్టే హక్కు ఎటూ ఉంది, కమిటీకి ఇచ్చారని అది పోదు.

బయట బల్ల మీద తెల్లకాగితాలు పెట్టాం. రాయించుకోవాలనుకున్న వాళ్ళు ఆగండి. పేరు ఎవరికీ చెప్పక్కర్లేదు, లోపలి గదిలో కూర్చుందాం.