దొడ్డి తలుపు

సభకు నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారికి, వేదిక మీదున్న మిగతా పెద్దలకి, ఇందాక నాకు శాలువా కప్పి ధర చీటీ తీయడం మర్చిపోయిన స్టూడెంట్ సెక్రటరీకి, అందరికీ. చీటీ నేను చూశాలే నాయనా, ఎవరికీ చెప్పను.

నాకిచ్చిన టాపిక్ ‘గేమింగ్ రంగంలో ఉద్యోగావకాశాలు’. దాని గురించి నాకు తెలిసింది రెండు నిమిషాల్లో అయిపోద్ది. టైముంటే చివర్లో చెప్తా. మైకు నా చేతికి రాకరాక వచ్చింది, పదిహేనేళ్ళుగా లోపల నలుగుతున్న మాట ఒకటుంది, అది కక్కేస్తా.

ముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. నెల్లూరులో నాకు గేమ్ సెంటర్ ఉండేది. నాలుగు టీవీలు, నాలుగు సోనీ ప్లేస్టేషన్ 2 గేమ్ మెషీన్లు, గంటకి ఇరవై రూపాయలు. నాలుగింట్లోనూ కాపీ డిస్కులు ఆడించే మాడ్ చిప్ వేయించా. డిస్కులన్నీ చెన్నై నుంచి తెచ్చిన కాపీలే, ఒక్కటంటే ఒక్కటి ఒరిజినల్ లేదు. కాబట్టి ‘పైరసీ వల్ల కంపెనీలకి నష్టమేంది?’ అని వాదించే మొహం నాకు లేదు. నష్టమే. దొంగని ఆపొద్దని కూడా అనను. దొంగ పేరు చెప్పి ఎవరి ఇంట్లో చెయ్యి పెట్టారన్నదే నా గొడవ, అంటే మనం కొనుక్కున్న మెషీన్‌లోంచి కంపెనీ ఒక సౌకర్యం పీకేయడం.

సెగా కంపెనీ వాళ్ళ డ్రీమ్‌కాస్ట్ అని ఒక గేమ్ మెషీన్ ఉండేది, మీరు పుట్టకముందు. దాని గేములు జీడీ-రోమ్ అనే ప్రత్యేకమైన డిస్కుల్లో వచ్చేవి, గిగాబైటు దాకా పట్టేవి, ఇంట్లో బర్నర్‌తో తయారుచేసుకునే వీల్లేదు. బాగానే ఉంది. కానీ మ్యూజిక్ సీడీలకి కాస్త హంగులు పెట్టుకోడానికని మిల్-సీడీ అనే ఇంకో దారి తెరిచిపెట్టారు. 2000లో దొంగ గేములన్నీ ఆ దారిలోనే దూరాయి, మామూలు సీడీ వేస్తే చాలు, ఆడేసేది. దాంతో తర్వాత తయారైన మెషీన్లలో ఆ సౌకర్యం ఎత్తేశారు. మొట్టమొదటి ప్లేస్టేషన్‌కీ అంతే, వెనకాల పారలల్ పోర్టు అని ఒక సాకెట్ ఉండేది, గేముల్లో అడ్డదారిలో గెలిపించే చీట్ కార్ట్రిడ్జిలు అందులో గుచ్చేవాళ్ళు, చివరి మోడళ్ళకొచ్చేసరికి అది లేదు. ఈ రెండింటి మీదా నాకు కోపం లేదు. కొత్తగా అమ్మే సరుకులో తీసేశారు, కొనేవాడు చూసుకుని కొంటాడు.

ప్లేస్టేషన్ 3 సంగతి వేరు. 2006లో వచ్చింది. అందులో ‘అదర్ ఓఎస్’ అని ఉండేది, అంటే కావాలంటే విండోస్ లాంటి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవచ్చు, గేమ్ మెషీన్ కాస్తా కంప్యూటర్ అయిపోద్ది. ఏదో సరదాకి పెట్టిందనుకోవద్దు. అమెరికాలో గౌరవ్ ఖన్నా అనే భౌతికశాస్త్రవేత్త కొన్ని పీఎస్3లు కలిపి కట్టి బ్లాక్‌హోల్స్ లెక్కలు చేశాడు. అమెరికా వైమానిక దళం పరిశోధన సంస్థ 1,760 పీఎస్3లతో కాండోర్ అనే సూపర్ కంప్యూటర్ కట్టుకుంది. గేములాడే డబ్బాలయ్యా అవి!

2009లో వచ్చిన స్లిమ్ మోడల్‌లో సోనీ ఆ సౌకర్యం ఇవ్వలేదు. సరే, అదీ కొత్త సరుకే అనుకుందాం. 2010 జనవరిలో జియోహాట్ అనే కుర్రాడు, అసలు పేరు జార్జ్ హాట్జ్, ఐఫోన్ అన్‌లాక్ చేసి పేరు తెచ్చుకున్నవాడు, ఈ లైనక్స్ వైపు నుంచి మెషీన్ లోపలికి దారి కనిపెట్టానన్నాడు. అప్పటికి దాంతో ఎవరూ దొంగ గేములు ఆడట్లేదు. అయినా 2010 ఏప్రిల్ 1న, తేదీ చూసి జోక్ అనుకోకండి, 3.21 అప్‌డేట్ వచ్చింది, భద్రత పేరు చెప్పి పాత మెషీన్లలో కూడా అదర్ ఓఎస్ పీకేశారు. ఇష్టం లేకపోతే అప్‌డేట్ చేసుకోవద్దన్నారు. చేసుకోకపోతే ఆన్‌లైన్ లేదు, కొత్త గేములు ఆడవు. ఇదేం ఇష్టం?

మా ఊళ్ళో ఇళ్ళకి దొడ్డి తలుపు ఉంటుంది. గేదెలు, చెత్త, బావి, అన్నీ అటువైపే. మీరు ఇల్లు కొనుక్కున్నారు, మూడేళ్ళు కాపురం చేశారు, ఒక రాత్రి అమ్మినాయన మేస్త్రీని వెంటేసుకొచ్చి, వీధిలో ఒకడు దొంగతనానికి ప్లాన్ వేస్తున్నాడంట అని దొడ్డి తలుపుకి ఇటుకలు పేర్చేసి పోయాడు. ఊరుకుంటారా? చెప్పండి, వెనక బెంచీ, మిమ్మల్నే.

సరే, మూసేశారు, దొంగ ఆగాడా అంటే అదీ లేదు. ఆ డిసెంబరులో బెర్లిన్‌లో ఒక సభ జరిగింది. ఫెయిల్ ఓవర్‌ఫ్లో అనే హ్యాకర్ల బృందం వేదికెక్కి అసలు గుట్టు విప్పింది. సోనీ తన సాఫ్ట్‌వేర్ మీద ‘ఇది మాదే’ అని డిజిటల్ సంతకం పెట్టినప్పుడల్లా ఒక కొత్త ర్యాండమ్ నంబర్ వాడాలి. వీళ్ళు ప్రతిసారీ అదే నంబర్ వాడారు! బ్యాంకు ఓటీపీ రోజూ 1234 అని వచ్చినట్టు. రెండు సంతకాలు పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే ఆ సంతకం పెట్టే రహస్య తాళం చెవి బయటికొచ్చేస్తుంది. ముందు గుమ్మం తాళం చెవి చూరులో పెట్టి, దొడ్డి తలుపుకి ఇటుకలు పేర్చారన్నమాట. ‘లైనక్స్ ఉన్నన్నాళ్ళూ మాలాంటివాళ్ళకి ఈ మెషీన్ని బద్దలుకొట్టాల్సిన పని పడలేదు, అది తీసేశాకే కదా అందరూ దీని మీద పడ్డారు’ అనేది ఆ బృందం వాదన. నాకది నిజమనిపిస్తుంది.

కోర్టుల సంగతి చెప్పి వదిలేస్తా. అదర్ ఓఎస్ పీకేసినందుకు సోనీ మీద కేసులు 2010లోనే పడ్డాయి, 2018లో 37.5 లక్షల డాలర్లకి రాజీ, ఒక్కో మనిషికి మహా అయితే 65 డాలర్లు. అది కూడా అమెరికాలో కొన్నవాళ్ళకే. నెల్లూరోడికి నమస్కారం.

ప్రిన్సిపాల్ గారు వాచీ చూస్తున్నారు. సార్, అయిపోవచ్చింది.

ఇదంతా ఎప్పటి సంగతో, ఇప్పుడెందుకు తవ్వుతున్నాడు అనుకుంటున్నారేమో. ఇప్పుడు నాది జిరాక్స్ కొట్టు. రెండేళ్ళ క్రితం ఒక ఇంక్‌జెట్ ప్రింటర్ కొన్నా, కంపెనీ పేరు చెప్పను. బయట దొరికే ఇంకు పోసుకుంటూ ఏడాది హాయిగా నడిచింది. ఎంసెట్ హాల్‌టికెట్లు తీసుకోడానికి పిల్లలు క్యూ కట్టిన రోజు పొద్దున, రాత్రికి రాత్రి దానంతటదే అప్‌డేట్ అయి కూర్చుంది. ‘ఈ కార్ట్రిడ్జి చెల్లదు’ అంటుంది. నిన్నటిదాకా చెల్లింది కదమ్మా! లైన్లో ఒక పాపకి కళ్ళల్లో నీళ్ళు, పరీక్ష మర్నాడే. నేను అరుస్తున్నా, ఎవరి మీద అరవాలో తెలియక ప్రింటర్ మీదే అరుస్తున్నా. చివరికి పక్క వీధి కొట్టుకి పెన్‌డ్రైవ్ ఇచ్చి మా వాణ్ణి పరిగెత్తించా. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అమ్మాయి చాలా మర్యాదగా, ఇది మీ భద్రత కోసమే సార్ అంది. మళ్ళీ అదే మాట.

చేతులెత్తండి, అప్‌డేట్ వచ్చినప్పుడు అందులో ఏం రాశారో చదివేవాళ్ళు ఎంతమంది? ఒక్కరు. ఆ చెయ్యెత్తిన పాపకి చప్పట్లు కొట్టండి.

ఆ ప్రింటర్ ఇంకా కొట్లోనే ఉంది, నెట్ కనెక్షన్ పీకేసి గుడ్డ కప్పిపెట్టా. మీలో ఎవరైనా దానికి పాత ఫర్మ్‌వేర్, అంటే అప్‌డేట్‌కి ముందు దాని లోపలున్న సాఫ్ట్‌వేర్, ఎక్కించగలిగితే ఆదివారం రండి. బస్ ఛార్జీ, మధ్యాహ్నం చేపల పులుసు భోజనం నావి. ఉద్యోగావకాశాల గురించి అక్కడ మాట్లాడుకుందాం. సార్, మైకు తీసుకోండి.