బ్రష్ దాచేస్తే బొమ్మ ఎటు పోతుంది?

తమ్ముడు: నమస్కారం! చెన్నై నుంచి అక్కాతమ్ముళ్ల కబుర్లకి స్వాగతం. అక్కా, గోడకి ఆనించావే, అది బొమ్మేనా, నేల తుడిచిన గుడ్డా?

అక్క: నీ కళ్లకి గుడ్డే కనిపిస్తుందిలే. "ఇష్టమొచ్చినట్టు వెయ్యి" అన్నారంటే నా చెయ్యి తిన్నగా కొండలు, సూర్యుడి దగ్గరికే పోతుంది. ఏ వస్తువునీ పోలని బొమ్మ, అదే అబ్‌స్ట్రాక్ట్, వెయ్యాలని బ్రష్ దాచేసి, పూటకో పనిముట్టు పట్టుకుంటున్నా. ఇది ఏటీఎం కార్డు పని.

తమ్ముడు: ఎవరి కార్డు?

అక్క: నీదే. (నవ్వు) గడువు అయిపోయిందిలేరా! కాగితం మీద యాక్రిలిక్ రంగు ముద్దలు పెట్టి, కార్డు అంచుతో ఒక్క ఊపున లాగాలి. నొక్కి లాగితే కింది రంగు బయటపడుతుంది. తేలిగ్గా లాగితే పొర మీద ఎత్తుగా ఉన్నచోటే అంటుకుంటుంది. జర్మన్ చిత్రకారుడు గెర్హార్డ్ రిక్టర్ ఇలాగే అద్దాలు తుడిచే పట్టీలాంటి పెద్ద స్క్వీజీతో నూనె రంగులు లాగేవాడు.

తమ్ముడు: మరి పొలాక్‌లాగా చిమ్మడం?

అక్క: చిమ్మడమంటే చేతికొచ్చినట్టు విసరడం కాదురా. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1947 నుంచి కాన్వాసు నేల మీద పరిచి, రంగు ధార కట్టించాడు. రంగు చిక్కదనం, చేతి ఎత్తు, వేగం మూడూ కుదరాలి. అమ్మ ముగ్గుపిండి వేళ్ల సందున జారవిడుస్తుందే, అంత అదుపు కావాలి. చెయ్యి నెమ్మదిస్తే చిక్కటి రంగు చుట్టలు చుట్టుకుంటుంది. మొదట విసుక్కున్నా, ఇప్పుడు కావాలనే చుట్టిస్తున్నా.

తమ్ముడు: కొవ్వొత్తి సంగతి చెప్పు.

అక్క: తెల్ల కాగితం మీద కొవ్వొత్తితో గీస్తే ఏమీ కనపడదు. పైన నీళ్లరంగు పూస్తే, మైనం ఉన్నచోట పట్టదు. గుడ్డ మీద మైనంతో గీసి రంగు అద్దే బాతిక్ కిటుకూ ఇదే. మన ఈస్ట్ కోస్ట్ రోడ్డు, అదే ఈసీఆర్‌లో చోళమండలం ఉందిగా, 1966లో చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ పూనుకుని పెట్టిన కళాకారుల ఊరు. అక్కడి చిత్రకారులు బాతిక్‌లాంటి చేతిపనులు అమ్ముకుని పెయింటింగ్ సాగించారు. పణిక్కర్ 'వర్డ్స్ అండ్ సింబల్స్' చిత్రాల నిండా రాతలాంటి గీతలే. చదవబోతే ఒక్క ముక్క అర్థం కాదు.

తమ్ముడు: అయితే నేనూ పణిక్కరే!

అక్క: నీ రాత మెడికల్ షాపు వాళ్లకి వదిలెయ్. కానీ ఒకటి చేసి చూడు. కాగితం తిరగేసి, ఎడమ చేత్తో మన ఒత్తులు మాత్రమే రాసుకుంటూ పో. ఒకదాని మీద ఒకటి పడనీ. కాసేపటికి అక్షరం పోయి వంపులు మిగులుతాయి.

తమ్ముడు: సరే, ఎక్కడ ఆపాలి?

అక్క: ఫోన్లో ఫొటో తీసి బ్లాక్ అండ్ వైట్ చేసి చూస్తా. అంతా ఒకే బూడిదరంగులో కలిసిపోయిందంటే ముదురు రంగు ఇంకొంచెం పడాలి. లేదంటే చేతులు కడిగేసుకుంటా.

తమ్ముడు: సింకులోనేగా? అమ్మ చూస్తే ఇద్దరికీ మూడినట్టే!

అక్క: ముందు గుడ్డతో తుడిచి, తర్వాత బకెట్లో కడుగుతా. యాక్రిలిక్ ఎండిందంటే ప్లాస్టిక్కే, పైపులో పేరుకుపోతుంది. ప్లేటులో ఎండిన పొర మాత్రం పారెయ్యకు. మెల్లగా ఒలిచి దాచు, ఇంకో బొమ్మ మీద అంటించుకోవచ్చు.

తమ్ముడు: ఓహో, ఫ్రిజ్‌లో చట్నీ పక్కన డబ్బాలో ఉన్నది అదా!