సింబా ముఖంలో ఏడుపు ఎక్కడికి పోయింది?

వింటున్న అందరికీ నమస్కారం అండి. చిన్నప్పుడు టీవీ ముందు కూర్చుని చూసిన కార్టూన్లని ఇప్పుడు నిజం మనుషుల్ని పెట్టి, అచ్చం నిజం జంతువుల్లా ఉండే బొమ్మల్ని పెట్టి మళ్ళీ సినిమాలుగా తీస్తున్నారు కదా, ఈ పూట వాటి గురించి మాట్లాడుకుందాం, అంటే వాటిని చూసొచ్చిన జనం ఏమంటున్నారు, ఎందుకు అలా అంటున్నారు అని. థియేటర్ బయట పార్కింగ్‌లో బండి తీసుకుంటూ చాలామంది అనే మాట ఒకటి ఉంటుంది, గ్రాఫిక్స్ అదిరిపోయాయి గానీ పాతదే బాగుంది అని. ఈ మాట వినగానే కొంతమంది కొట్టిపారేస్తారు, చిన్నప్పుడు చూసినవి ఎవరికైనా బాగానే ఉంటాయిలే అని. నేను అలా అనుకోను అండి. ఆ మాట అనేవాళ్ళకి ఏదో తగ్గిందని గట్టిగా తెలుస్తూనే ఉంది, కాకపోతే అదేంటో పేరు పెట్టి చెప్పలేకపోతున్నారు. నన్నడిగితే ఆ తగ్గింది ముఖం.

లయన్ కింగ్ చూడండి. 1994లో చేత్తో గీసిన సినిమా, 2019లో జాన్ ఫావ్రో తీసిన కొత్తది. కథ అదే, చాలా సీన్లు వరసతో సహా అవే, ఇంగ్లీషులో సింబా వాళ్ళ నాన్న ముఫాసాకి గొంతిచ్చింది కూడా రెండింట్లోనూ ఒక్కడే, జేమ్స్ ఎర్ల్ జోన్స్. మరి తేడా ఎక్కడొచ్చింది? లోయలో తొక్కిసలాట అయిపోయాక దుమ్ము మెల్లగా సర్దుకుంటుంటే సింబా వాళ్ళ నాన్న దగ్గరికి వస్తాడు కదా, ఆ సీను ఒకసారి పాతదాంట్లో చూడండి. ఆ పిల్లవాడి కనుబొమ్మలు మధ్యలో పైకి లేస్తాయి, నోటి చివర్లు కిందికి జారిపోతాయి, కళ్ళ నిండా నీళ్ళు, నాన్న చెవి పట్టుకుని లాగుతాడు, లేవమంటాడు, లేవడు, చివరికి ఆ పెద్ద ముంగాలు కిందకి దూరి పడుకుంటాడు. మనం మాట్లాడుకుంటున్నది సింహం గురించి, కానీ ఆ ముఖంలో ఉన్నది ఏడెనిమిదేళ్ళ పిల్లాడు. మనిషిలా ముడిపడే ఆ కనుబొమ్మలు నిజం సింహానికి ఎక్కడున్నాయి చెప్పండి, గీసినవాళ్ళే మనిషి దగ్గర్నుంచి తెచ్చి అక్కడ పెట్టారు, మనకి గుండె పట్టేసింది అక్కడే.

కొత్తదాంట్లో ఏం చేశారంటే సింహం పిల్ల నిజంగా ఎలా ఉంటుందో అలానే ఉండాలి అని పట్టుబట్టారు. బొచ్చు పోగుపోగుగా కనపడుతుంది, మీసాలు కదులుతాయి, ఎండలో చెవి అంచు ఎర్రగా మెరుస్తుంది, చూస్తుంటే అడవిలో కెమెరా పెట్టి తీశారేమో అనిపిస్తుంది, కానీ ఆ సినిమా మొత్తంలో నిజంగా కెమెరాతో తీసిన షాట్ ఒక్కటే, మొదట్లో వచ్చే సూర్యోదయం, ఆ సంగతి దర్శకుడే బయటపెట్టాడు. మిగతాదంతా కంప్యూటర్ మీద చేసిందే. అంటే జనం లైవ్ యాక్షన్ అని పిలుస్తున్నది కూడా నిజానికి యానిమేషనే, కాకపోతే నేను యానిమేషన్‌ని కాదు అన్నట్టు ఉండే యానిమేషన్. అందుకే అసలు సమస్య వచ్చింది, నిజం సింహం ముఖంతో ఏడవదు కదా, గొంతు ఏడుస్తుంటుంది, ముఖం మామూలుగా ఉంటుంది. చూసేవాడికి ఆ రెండూ అతకవు. ఆ సినిమాకి 160 కోట్ల డాలర్లు పైనే వచ్చాయి, జనం వెళ్ళారు, పిల్లల్ని తీసుకెళ్ళారు, అదంతా నిజమే. అయినా ఆ సీను దగ్గర పాతదానికి ఏడ్చినట్టు ఏడవలేదు అని చెప్పినవాళ్ళు చాలామంది.

అదే ఫావ్రో మూడేళ్ళ ముందు, 2016లో జంగిల్ బుక్ తీశాడు. అది ఎక్కువమందికి నచ్చింది, విజువల్ ఎఫెక్ట్స్‌కి ఆస్కార్ కూడా వచ్చింది. అక్కడ కూడా జంతువులు నిజం జంతువుల్లానే ఉంటాయి, మాట్లాడతాయి. మరి అది ఎందుకు పట్టేసింది, ఇది ఎందుకు జారిపోయింది? ఎందుకంటే జంగిల్ బుక్‌లో మధ్యలో ఒక నిజం పిల్లాడు ఉన్నాడు, మోగ్లీగా చేసిన నీల్ సేఠీ అనే కుర్రాడు. అడవి మొత్తం కంప్యూటర్‌లో తయారైనా భయం, అలగడం, నవ్వు అన్నీ ఆ ఒక్క ముఖం మీద కనపడతాయి, బలూ అనే ఎలుగుబంటి ముఖం పెద్దగా కదలకపోయినా బలూని చూసే మోగ్లీ ముఖం కదులుతుంది, మనకి అది చాలు. లయన్ కింగ్‌లో ఆ ఒక్క మనిషి ముఖం కూడా లేదు.

మన దగ్గర జంగిల్ బుక్‌కి ఇంకో బలం కూడా ఉంది లెండి. తొంభైల్లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో వచ్చిన మోగ్లీ. అది జపాన్ వాళ్ళు తీసిన కార్టూన్, హిందీలో వచ్చేది, హిందీ ముక్క రాని ఇళ్ళల్లో కూడా పిల్లలందరికీ ఆ చడ్డీ పాట నోటికి వచ్చేది. గుల్జార్ రాసిన పాట, విశాల్ భరద్వాజ్ ట్యూన్ కట్టింది. 2016 సినిమా వచ్చినప్పుడు డిస్నీ వాళ్ళు ఆ పాటని మళ్ళీ చేయించారు, సినిమాని అమెరికా కంటే ఒక వారం ముందే మన దేశంలో రిలీజ్ చేశారు. ఎక్కడ ఎవరి గుండెలో ఆ కార్టూన్ ఉందో వాళ్ళకి బాగా తెలుసు.

ఇప్పుడు తెలుగు సంగతికి వద్దాం, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. 2019 లయన్ కింగ్ తెలుగులో చూసినవాళ్ళని అడగండి, ఏం గుర్తుంది అని. నూటికి తొంభైమంది చెప్పేది పుంబా, టిమోన్. బ్రహ్మానందం గారు, అలీ గారు. సింబాకి నాని, స్కార్‌కి జగపతి బాబు, ముఫాసాకి రవిశంకర్ డబ్బింగ్ చెప్పారు, అందరూ బాగా చెప్పారు, కానీ ఆ అడవిపంది, ఆ ముంగిస లాంటి బుల్లి జంతువు తెర మీదకి రాగానే హాలు మొత్తం లేచి నవ్వింది. ఎందుకో ఆలోచించండి. తెర మీద అడవిపంది ముఖం అస్సలు కదలడం లేదు, కానీ బ్రహ్మానందం గారి గొంతు వినగానే మన కళ్ళ ముందు ఆయన ముఖం వచ్చేస్తుంది, ఆ కళ్ళు తిప్పడం, ఆ దవడ వేలాడేయడం, ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాం కదా, ఆ ముఖాన్ని మనమే తీసుకెళ్ళి పుంబాకి అతికించేసుకున్నాం. ఇంగ్లీషులో పోయిన ముఖం తెలుగులో తిరిగి వచ్చింది. అందుకే 2024 డిసెంబర్‌లో ముఫాసా కథ విడిగా వచ్చినప్పుడు మహేష్ బాబుని ముఫాసా గొంతుగా పెట్టినా, పుంబాని, టిమోన్‌ని మాత్రం మళ్ళీ వాళ్ళిద్దరికే ఇచ్చారు. అది సరైన పని. డబ్బింగ్ సినిమా అంటే ఏదో తక్కువ అని చూసేవాళ్ళు ఉంటారు, ఈ రెండు సినిమాల విషయంలో మాత్రం నేను ఎవరికైనా తెలుగులోనే చూడమని చెప్తాను.

అల్లాదీన్ కూడా ఇలాంటిదే. 1992 కార్టూన్‌లో జీనీకి గొంతిచ్చిన రాబిన్ విలియమ్స్ మైక్ ముందు నోటికొచ్చినట్టు అల్లుకుంటూ పోయేవాడు, ఎరిక్ గోల్డ్‌బర్గ్ అనే యానిమేటర్ ఆ గొంతు ఎక్కడికి పోతే అక్కడికి బొమ్మని లాక్కెళ్ళాడు, క్షణంలో ఒక రూపం, ఇంకో క్షణంలో ఇంకోటి. అది గీత చేయగలిగిన పని. నిజం మనిషి శరీరంతో అంత చేయలేం. 2019లో విల్ స్మిత్ నీలం రంగులో మొదటిసారి కనపడగానే నెట్‌లో జనం ఏకిపారేశారు, కానీ సినిమా వచ్చాక చాలామంది మాట మార్చుకున్నారు, ఎందుకంటే ఆయన రాబిన్ విలియమ్స్‌లా చేయడానికి ట్రై చేయలేదు, తనకి వచ్చిన పద్ధతిలో ఒక హుషారైన అన్నయ్యలా చేసుకున్నాడు. తెలుగులో వెంకటేష్ గారు జీనీకి, వరుణ్ తేజ్ అల్లాదీన్‌కి చెప్పారు, బయట తోడల్లుళ్ళుగా సినిమా చేసినవాళ్ళు కాబట్టి (ఆ సినిమా, ఎఫ్2, అదే ఏడు సంక్రాంతికి వచ్చింది) ఆ చనువు వినపడుతుంది.

లిటిల్ మెర్మెయిడ్ విషయంలో గొడవ అంతా హీరోయిన్ రంగు చుట్టూ తిరిగింది, 2019లో ఆ అమ్మాయిని ఎంచుకున్నారని తెలియగానే మొదలుపెట్టారు, 2022లో చిన్న ట్రైలర్ రాగానే ఇంకా పెంచారు. అది అన్యాయం అండి, సూటిగా చెప్తున్నా. ఆ సినిమాలో ప్రాణం ఉన్నదే హాలీ బెయిలీ ముఖంలో. పోయింది ఎక్కడంటే ఫ్లౌండర్ అనే చేప దగ్గర, సెబాస్టియన్ అనే పీత దగ్గర. కార్టూన్‌లో ఆ చేపకి బుగ్గలు ఉండేవి, భయం వేస్తే ముఖమంతా భయమే. కొత్తదాంట్లో అది చేప, చేపల మార్కెట్లో చూసే చేప. ఆ మాట అన్నవాళ్ళు కూడా ఉన్నారు, కానీ రంగు గొడవలో వాళ్ళ మాట ఎవరికీ వినపడలేదు.

జనం మాట వినపడిన సందర్భం ఒకటి చెప్తా. సోనిక్. అది మొదట వీడియో గేమ్, తర్వాత కార్టూన్లు వచ్చాయి. 2019 ఏప్రిల్ చివర్లో సినిమా ట్రైలర్ వదిలారు, చిన్న చిన్న కళ్ళు, మనిషి పళ్ళ లాంటి పళ్ళు, పిల్లలు భయపడేలా ఉన్నాడు. ఒకటే గోల. రెండు మూడు రోజుల్లో దర్శకుడు జెఫ్ ఫౌలర్ మారుస్తాం అని చెప్పేశాడు, నవంబర్‌లో రావాల్సిన సినిమాని 2020 ఫిబ్రవరికి వాయిదా వేసి ముఖం మొత్తం మళ్ళీ చేశారు, పెద్ద కళ్ళు పెట్టారు, ఆ పళ్ళు తీసేశారు. సినిమా ఆడింది, ఆ తర్వాత ఇంకో రెండు భాగాలు కూడా వచ్చాయి. ఇక్కడ ఒక్క మాట, ఇలా తిట్టేటప్పుడు గ్రాఫిక్స్ చేసిన ఆర్టిస్టులని తిట్టకండి. జంగిల్ బుక్, లయన్ కింగ్ పనిలో బెంగళూరు టీమ్ కూడా ఉంది, మన దేశం పిల్లలే. ముఖం కదలకూడదు అని నిర్ణయించేది పైవాళ్ళు, కీబోర్డ్ ముందు రాత్రుళ్ళు కూర్చునేది వీళ్ళు.

2025లో మూడు సినిమాలు వరసగా వచ్చాయి, మూడూ మూడు రకాలు. మార్చిలో స్నో వైట్. ఏడుగురు మరుగుజ్జుల్ని కంప్యూటర్‌లో చేశారు, అటు మనుషులూ కాలేదు, ఇటు బొమ్మలూ కాలేదు, 1937 నాటి ఆ గుండ్రటి ముక్కుల ముసలాళ్ళ మీద ఉన్న ప్రేమ వీళ్ళ మీద ఎవరికీ రాలేదు, సినిమా పోయింది. పోవడానికి వేరే కారణాలు కూడా ఉన్నాయి, వాటి జోలికి నేను వెళ్ళను. మేలో లీలో అండ్ స్టిచ్. స్టిచ్ అనే ఆ వేరే గ్రహం జీవిని వాళ్ళు కార్టూన్‌లో ఉన్నట్టే ఉంచారు, అవే పెద్ద చెవులు, అవే నల్లటి కళ్ళు, గొంతు కూడా 2002లో చెప్పిన క్రిస్ శాండర్స్‌దే. జనం విరగబడి చూశారు. కానీ గొడవ ఇంకో చోట వచ్చింది. స్టిచ్‌ని పెంచుకునే చిన్నపిల్ల లీలో, ఆమె అక్క పేరు నాని, తల్లీతండ్రీ పోయాక చెల్లిని తనే పెంచుతుంది. కొత్తదాంట్లో చివరికి చెల్లిని పక్కింటి వాళ్ళకి అప్పజెప్పి చదువుకోవడానికి వేరే ఊరు వెళ్తుంది, మధ్యలో వచ్చి చూసిపోతూనే ఉంటుంది అనుకోండి. అయినా కుటుంబంలో ఎవర్నీ వదిలిపెట్టం అని చెప్పిన కథని ఇలా ముగిస్తారా అని సగం మంది, ఆ అమ్మాయికి మాత్రం బతుకు వద్దా అని సగం మంది. నేను రెండో సగం వైపే మొగ్గుతాను గానీ మొదటివాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, అక్కచెల్లెళ్ళు తగువులాడుకుని మళ్ళీ ఒకళ్ళ పక్కన ఒకళ్ళు కూర్చునే ఆ సీన్లు పాత సినిమాకి ఊపిరి.

జూన్‌లో హౌ టు ట్రైన్ యువర్ డ్రాగన్. 2010 కార్టూన్ తీసిన ఇద్దరిలో ఒకరైన డీన్ డెబ్లోయిస్సే ఇదీ తీశాడు. టూత్‌లెస్ అనే ఆ నల్ల డ్రాగన్ ముఖాన్ని దాదాపు ముట్టుకోలేదు, పిల్లిలా కనుపాపలు పెద్దవవుతాయి, చిన్నవవుతాయి, ఆ ఒక్కదాంతోనే మనసులో ఏముందో చెప్పేస్తుంది. మరి అంతా అదే అయితే మళ్ళీ ఎందుకు తీశారు అని అడిగినవాళ్ళు ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే, దానికి డబ్బు తప్ప వేరే పెద్ద సమాధానం నాకూ కనపడలేదు, కానీ చూస్తున్నంతసేపు ఆ డ్రాగన్ మీద ప్రేమ మాత్రం పుట్టింది.

ఇక మన ఇంటి సంగతి. ఛోటా భీమ్ పుట్టింది హైదరాబాద్‌లో, రాజీవ్ చిలక గారి గ్రీన్ గోల్డ్ కంపెనీలో, 2008 నుంచి టీవీలో వస్తున్నాడు. 2012లో దమ్యాన్ శాపం కథతో యానిమేషన్ సినిమా వచ్చింది, అదే కథని 2024 మే 31న నిజం పిల్లల్ని పెట్టి రిలీజ్ చేశారు, అనుపమ్ ఖేర్ గారు కూడా నటించారు. పాపం పిల్లలు బాగా కష్టపడ్డారు. కానీ గీసిన భీమ్ లడ్డూ నోట్లో వేసుకుని కొండంత మనిషిని గిరగిరా తిప్పి విసిరేస్తే ఏ పిల్లాడూ ఎలా అని అడగడు, గీతల లోకంలో లడ్డూకి ఆ బలం ఉంటుంది. అదే పని నిజం పిల్లాడు చేస్తే పక్కన కూర్చున్న ఆరేళ్ళ బుడ్డోడికి కూడా తాడు కట్టారని తెలిసిపోతుంది. నటించిన పిల్లలది అందులో తప్పేం లేదు, ఆ కథ గీయడానికి పుట్టింది, అంతే.

గీసినవి పెద్ద తెర మీద ఆడవు అనే భయం ఎవరికైనా ఉంటే 2025 జూలైలో వచ్చిన మహావతార్ నరసింహని చూడమనండి. హీరో లేడు, స్టార్ లేడు, మొత్తం యానిమేషన్, మన రెండు రాష్ట్రాల్లోనూ ముసలీ ముతకా పిల్లాజెల్లా కలిసి హాళ్ళు నింపేశారు. అందుకే హైదరాబాద్‌లో ఉన్న స్టూడియోల వాళ్ళకి ఒక ప్రేక్షకుడిగా నేను అడిగేది ఇది, భీమ్‌ని మళ్ళీ పెద్ద తెరకి తెస్తే గీసిన భీమ్‌నే తీసుకురండి, టైమ్ తీసుకుని, ఆర్టిస్టులకి సరిగ్గా డబ్బులిచ్చి, కళ్ళ మీద, కనుబొమ్మల మీద మనసుపెట్టి గీయించండి, తెలుగు డైలాగులు ట్రాన్స్‌లేషన్‌లా కాకుండా తెలుగులోనే పుట్టినట్టు రాయించండి. మేము టికెట్లు కొనుక్కుని పిల్లల్ని తీసుకుని వస్తాం. ఇంతసేపు విన్నందుకు థ్యాంక్స్ అండి, ఉంటాను మరి, నమస్కారం.